రాజమహేంద్రవరంలో ఏడాది పొడవునా: ఏ నెలలో ఏం చూడాలి, ఏం తినాలి?

కొత్త కాపురం

సభ్యులందరికీ నమస్కారం. ఉద్యోగ బదిలీ మీద గత నెలలో రాజమహేంద్రవరం వచ్చి దానవాయిపేటలో అద్దెకు దిగాము. ఇంట్లో నేను, నా భార్య, డెబ్బయ్యేళ్లు దాటిన మా నాన్నగారు, ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయి ఉంటాము. ఊరి గురించి ఎవరిని అడిగినా పాపికొండలు, మారేడుమిల్లి అని రెండు పేర్లు చెప్పి ఊరుకుంటున్నారు. ఆ రెండూ ఊరికి దూరంగా ఉన్నవి, పైగా రోజంతా పట్టేవి. ఆదివారం ఉదయం రెండు మూడు గంటలు, మామూలు రోజుల్లో సాయంత్రం ఒక గంట చేతిలో ఉన్నప్పుడు ఊళ్లోనే ఎక్కడికి వెళ్లవచ్చు, ఏ నెలలో ఏ ఉత్సవం చూడదగినది, ఇక్కడి తిండిలో ఏది ఎప్పుడు తినాలి అన్నవి తెలిసినవారు వివరంగా చెప్పగలరా? నాన్నగారికి పద్యనాటకాలన్నా పాత పుస్తకాలన్నా ప్రాణం. మోకాళ్ల నొప్పి వల్ల మెట్లు మాత్రం ఎక్కువగా ఎక్కిదిగలేరు. అమ్మాయి బొమ్మలు వేస్తుంది.

ఇన్నీసుపేట వాసి

మా ఊరికి స్వాగతం. చూడవలసిన స్థలాల జాబితా రాసి ఇవ్వడం తేలికే గాని, దాన్ని పట్టుకొని తిరిగితే నెల తిరగకముందే ఊరు అయిపోయినట్టు అనిపిస్తుంది. ఇక్కడ స్థలం కన్నా కాలం ముఖ్యం. అదే పుష్కర ఘాట్ జూలై చివరలో ఎర్రనీరు మెట్ల మీదికి ఎక్కినప్పుడు ఒక రకంగా, కార్తీక మాసం తెల్లవారుజామున అరటిదొప్పలలో దీపాలు వదిలేటప్పుడు ఇంకొక రకంగా, వేసవిలో నీరు తగ్గి నది నడుమ ఇసుక మేటలు బయటపడినప్పుడు మరొక రకంగా ఉంటుంది. అందుకే ముందు నదినీ పంచాంగాన్నీ చూసుకొని, ఆ తరువాత ఎక్కడికి వెళ్లాలో అనుకోవడం ఈ ఊరివాళ్లకు అలవాటు.

సాయంత్రం గంట తీరిక దొరికితే పుష్కర ఘాట్‌లో సంధ్యవేళ ఇచ్చే గోదావరి హారతికి వెళ్లండి. దాన్ని చూడడానికి మెట్లు దిగి నీటి అంచుకు వెళ్లనవసరం లేదు. కాస్త ముందుగా చేరుకొని పైన గట్టు మీదే చోటు చూసుకుంటే మీ నాన్నగారికి ఏ ఇబ్బందీ ఉండదు. అయితే కార్తీక సోమవారాలలోను, కార్తీక పౌర్ణమినాడు మోకాళ్ల నొప్పి ఉన్నవారిని అక్కడికి తీసుకువెళ్లకపోవడమే మంచిది, ఆ రోజుల్లో నిలబడడానికి కూడా చోటుండదు. నది ఒడ్డున ప్రశాంతంగా నడవాలనుకుంటే ఎగువన ఉన్న కోటిలింగాల రేవు మేలు. రేవు పొడవైనది కావడం వల్ల జనం పలచబడతారు, తెల్లవారాక ఎండ ముదిరేలోగా అక్కడ ఒక చివర నుంచి ఇంకొక చివరకు నడిచి రావడం చాలామందికి నిత్యకృత్యం. గౌతమి ఘాట్‌లో ఇస్కాన్ ఆలయం ఉంది. అమ్మాయిని తీసుకొని ఒక సాయంత్రం అటు వెళ్లవచ్చు.

మూడో వంతెన

ఊరి పక్కనే ఇంత పెద్ద నది ఉన్నా దాని మీదుగా ఒకసారి రైలులో వెళ్లి చూడమని కొత్తవాళ్లకు ఎవరూ చెప్పరు, ఎందుకో! హైదరాబాదు నుంచి వచ్చేవాళ్లు తెల్లవారుజామున నిద్రలోనే వంతెన దాటేస్తారు. మీరు ఒక ఆదివారం పొద్దున్నే గోదావరి స్టేషన్లో ప్యాసింజరు ఎక్కి కొవ్వూరులో దిగండి. అక్కడ గోష్పాద క్షేత్రం చూసుకొని, వచ్చే రైలు అందుకొని తిరిగి రండి. ఇప్పుడు రైళ్లు నడుస్తున్న రెండు వంతెనలూ ఒంటి లైనువే కనుక సాధారణంగా వెళ్లేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఇంకొకటి దక్కుతుంది.

ఆ వంతెనల చరిత్ర తెలిసి ఎక్కితే ప్రయాణం ఇంకా బాగుంటుంది. రైళ్లు నడవకుండా ఖాళీగా కనిపించే పాత వంతెన 1900లో తెరిచిన హేవ్‌లాక్ వంతెన. అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టారు. స్తంభాల నడుమ 56 భాగాలతో దాదాపు నూరేళ్లు రైళ్లను మోసి 1997లో విశ్రమించింది. కింద రైలు, పైన రోడ్డు ఉన్నది 1974 నాటిది. ధనుస్సుల్లాంటి కమానులతో ఉన్నది 1997లో పూర్తయినది; దానిలో 28 కమానులు ఉంటాయి, ఒక్కొక్కటి 97 మీటర్లకు పైగా పొడవు. బొమ్మలు వేసే పిల్లకు ఈ మూడింటినీ ఒకే చూపులో చూపించాలంటే పుష్కర ఘాట్ పరిసరాలలో గట్టు మీద కూర్చోబెట్టి కాగితం చేతికి ఇవ్వండి. దృక్కోణం పాఠం వేరే చెప్పనక్కరలేదు. పాత వంతెనను పర్యాటక స్థలంగా మార్చే అఖండ గోదావరి పథకానికి 2025 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. పని పూర్తయితే నది మీద నడిచే అవకాశం కూడా వస్తుందని మావంటివాళ్లం ఎదురుచూస్తున్నాము.

గౌతమి పాఠకుడు

మీ నాన్నగారి కోసం ఈ ఊళ్లో అన్నిటికన్నా ముందు చెప్పవలసినది గౌతమీ గ్రంథాలయం. వడ్డాది సుబ్బారాయుడుగారు, అంటే వసురాయకవి, 1898లో పెట్టిన గ్రంథాలయము, నాళం కృష్ణారావుగారు వీరేశలింగంగారి పేరుతో పెట్టిన గ్రంథాలయము ఏకమై ఇది ఏర్పడింది. పాత తెలుగు పత్రికలు, తొలి ముద్రణలు, తాళపత్రాలు ఉన్న చోటు కనుక ఒక గంటలో చూసి వచ్చేద్దామనుకొని వెళ్లకండి. అరుదైన పుస్తకాలను ఇంటికి ఇవ్వరు. అక్కడే కూర్చొని చదువుకోవాలి. కాగితాలు పెళుసెక్కి ఉంటాయి కాబట్టి పుటలు తిప్పేటప్పుడు జాగ్రత్త అవసరమని పెద్దాయనకు నేను చెప్పనక్కరలేదు.

అమ్మాయి కోసం దామెర్ల రామారావు చిత్రకళా ప్రదర్శనశాల ఉంది. ఆయన 1897లో ఈ ఊళ్లోనే పుట్టి, ఇక్కడి ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. కళాశాలలో చదువుకొని, తిరిగి వచ్చి ఇక్కడే చిత్రకళాశాల పెట్టి, 1925లో మశూచికంతో కన్నుమూశారు. ముప్పై ఏళ్లు కూడా నిండని జీవితంలో ఆయన వేసిన నీటిరంగుల, తైలవర్ణాల చిత్రాలు, చిత్తు గీతలు అక్కడ ఉన్నాయి. నా మట్టుకు నాకు పూర్తయిన చిత్రాల కన్నా ఆ పెన్సిలు గీతలంటేనే ఎక్కువ ఇష్టం. ఒక మనిషి చేతిని ఎలా గమనించాడో, ఎక్కడ గీత చెరిపి మళ్లీ వేశాడో వాటిలో తెలుస్తుంది. బొమ్మలు వేసే పిల్లలు నేర్చుకునేది అక్కడే. ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లలోనే చాలామంది అటు తొంగిచూడలేదన్నది మాత్రం విచారకరం.

కందుకూరి వీరేశలింగంగారి ఇల్లు కూడా చూడదగినది. 1881 డిసెంబరు 11న ఆయన జరిపించిన తొలి వితంతు వివాహం ఈ ఊళ్లోనే జరిగింది. ఏడో తరగతి పిల్లకు పాఠంలో చదివిన మనిషి నివసించిన ఇల్లు చూడడం బాగుంటుంది. పురావస్తువుల మీద ఆసక్తి ఉంటే గోదావరి గట్టున రాళ్లబండి సుబ్బారావు ప్రభుత్వ మ్యూజియం ఉంది. చిన్నదే. అరగంట చాలు.

కొత్త కాపురం

ఇంత వివరంగా చెప్పినందుకు కృతజ్ఞతలు. దామెర్లవారి ప్రదర్శనశాల మా ఇంటికి ఇంత దగ్గరలో ఉందని మీరు చెబితే తప్ప తెలియలేదు. నాటకాల సంగతి, తిండి సంగతి కూడా ఎవరైనా చెబితే సంతోషిస్తాను.

రంగస్థల అభిమాని

నాటకాల కోసం మీరు దసరా దాకా ఆగాలి. శరన్నవరాత్రులలో దేవీచౌక్‌లో అమ్మవారిని నిలిపి, వేదిక కట్టి, రాత్రులు పౌరాణిక నాటకాలు ఆడించడం ఈ ఊళ్లో తరాలుగా సాగుతున్నది. టికెట్టు లేదు, ఆహ్వానం లేదు, రోడ్డే ప్రేక్షకశాల. రాయబారం పద్యాలకు వన్స్ మోర్ కొట్టే ప్రేక్షకులు ఇంకా మిగిలిన చోట్లలో ఇది ఒకటి. ఏ రోజు ఏ నాటకమో చౌక్ చుట్టుపక్కల గోడల మీద, కరపత్రాలలో ముందే వస్తుంది కనుక మీ నాన్నగారికి ఇష్టమైన నాటకం ఏ రాత్రి పడిందో చూసుకొని, మంచి ఘట్టం వచ్చే సమయానికి వెళితే రాత్రంతా మేలుకోనవసరం ఉండదు. మడత కుర్చీ ఒకటి వెంట తీసుకువెళ్లండి, చాలామంది అలాగే చేస్తారు. ఆ తొమ్మిది రోజులూ ఆ చుట్టుపక్కల వాహనాలు కదలవు, దానవాయిపేట నుంచి నడకే నయం.

మిగిలిన నెలల్లో ఆనం కళాకేంద్రంలో నాటక పోటీలు, సంగీత సభలు, నృత్య ప్రదర్శనలు జరుగుతుంటాయి. వాటి సమాచారం దినపత్రికల జిల్లా పేజీలో ఒక చిన్న మూలన వస్తుంది. ఆ మూల చదివే అలవాటు చేసుకోకపోతే సభ అయిపోయిన మర్నాడు ఫోటో చూసి బాధపడాలి.

అమ్మ చేతి వంట

తిండి గురించి నేను చెబుతాను, కొంచెం పొడుగ్గా చెబుతాను.

మెయిన్ రోడ్డులోని రోజ్ మిల్క్ గురించి ఈపాటికి విని ఉంటారు. మధ్యాహ్నం ఎండలో తిరిగి వచ్చి తాగితే దాని పేరు ఊరికే రాలేదని తెలుస్తుంది. ఇంతకు మించి దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు. అసలు గోదావరి తిండి హోటళ్లలో కన్నా రైతుబజారులోను, పొరుగువాళ్ల వంటింట్లోను ఉంటుంది. అది కూడా నెలను బట్టి మారిపోతుంది.

ఎండలు మొదలయ్యే వేళకు బజారులో పనసపొట్టు కొట్టి అమ్ముతారు. లేత పనసకాయను కత్తితో సన్నగా పొడిలాగా తరగడం అందరికీ చేతకాదు, అందుకని ఇళ్లలో కూడా కొట్టిన పొట్టే కొంటారు. చింతపండు పులుసుతో ఉడికించి, ఎండుమిరపకాయలు, జీడిపప్పు పోపు వేసి, పూర్తిగా చల్లారాక ఆవముద్ద కలపాలి. వేడి మీద ఆవ కలిపితే చేదెక్కుతుంది. పెళ్లిభోజనాలలో ఈ కూర ఎలా ఉందన్నదాన్ని బట్టే వంటవాడికి పేరు వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో తాటిముంజలు తోపుడుబళ్ల మీద గుట్టలుగా ఉంటాయి. ముంజను బొటనవేలితో తీసుకొని తినాలే గాని గిన్నెలో వేసి చెంచాతో తింటే నీరు కారిపోయి రుచి పోతుంది. అదే సమయంలో కొత్తపల్లి కొబ్బరి, రసాలు అనే మామిడిపండ్లు వస్తాయి. రసాలను కోయకూడదు, పిసికి పీల్చాలి. ఇది మీ అమ్మాయికి మీ నాన్నగారే నేర్పిస్తారు.

వానాకాలం నడుమ తాటిపండ్లు రాలతాయి. ఆ గుజ్జులో బియ్యపు రవ్వ, బెల్లం, కొబ్బరికోరు కలిపి కాల్చిన తాటిరొట్టె ఎవరైనా పెడితే వద్దనకండి, అది కొనడానికి దొరకదు. చలికాలంలో తేగలు వస్తాయి. కాల్చినవి కొనండి, ఉడికించినవాటి కన్నా వాసన బాగుంటుంది. కార్తీకంలో కందా బచ్చలి, సంక్రాంతికి పాకుండలు, బెల్లం అరిసెలు. ఇక ఏ కాలమైనా తినదగినది దిబ్బరొట్టె. మినప్పిండిలో బియ్యపు రవ్వ కలిపి, మందపాటి మూకుడులో నూనె వేసి, పైన మూత పెట్టి సన్నసెగ మీద అడుగు ఎర్రగా కరకరలాడేదాకా ఓపికగా కాల్చాలి. హడావుడిగా ఎక్కువ మంట మీద కాల్చి, లోపల పచ్చిగా ఉన్న రొట్టెను వడ్డించే చోట రెండోసారి కూర్చోకండి. చెరకు పానకంతో తినడం ఇక్కడి పాత పద్ధతి. కొత్త ఆవకాయతో అయితే ఇంకా మేలని నా అభిప్రాయం, పానకం పక్షంవారు క్షమించాలి.

పానకం పక్షం

క్షమించలేము గాని, మిగిలినదంతా సత్యమే. తాపేశ్వరం మడతకాజా మరిచిపోయారు. తీపి పాకం పొరల మధ్యకు పట్టిన కాజా చేసిన రోజే తినాలి. డబ్బాలో వారం రోజులు పెడితే పైన పంచదార గడ్డకడుతుంది.

ఎండకు భయపడేవాడు

అందరూ ఊరిని ఆకాశానికెత్తుతున్నారు కనుక ఒక మాట చెప్పవలసి వస్తున్నది. ఏప్రిల్ రెండో వారం నుంచి మృగశిర దాకా ఉదయం తొమ్మిది దాటితే ఇక్కడ బయట తిరగలేము. గాలిలో తడి ఉంటుంది కాబట్టి నీడన ఉన్నా చెమట ఆరదు. పిల్లలు ఆడుకోవడానికి కంబాలచెరువు పార్కు వంటివి ఒకటి రెండు తప్ప చెప్పుకోదగిన చోట్లు లేవు, సాయంత్రమైతే అక్కడ ఇసుక వేస్తే రాలదు. సెలవుల్లో ఊళ్లో ఉండే పిల్లలకు చివరకు సినిమాలు, షాపింగ్ మాల్ మాత్రమే దిక్కవుతున్నాయి. హారతి, గ్రంథాలయం పెద్దవాళ్లకు బాగుంటాయి. పన్నెండేళ్ల పిల్ల ప్రతి ఆదివారం వాటికి వస్తుందని అనుకోకండి.

ఆకుపచ్చ కుండీ

పిల్లల విషయంలో మీ బాధలో నిజముంది గాని, కడియం నర్సరీలను మీరు లెక్కలోకి తీసుకోలేదు. జాతీయ రహదారి మీద ఊరికి దగ్గరలోనే కడియపులంక, బుర్రిలంక, వేమగిరి పరిసరాలలో మైళ్ల పొడవున మొక్కలే ఉంటాయి. లోపలికి వెళ్లి చూడడానికి చాలాచోట్ల ఎవరూ అడ్డు చెప్పరు. డిసెంబరు, జనవరి నెలల్లో చామంతి, బంతి పూతకు వచ్చి ఉంటాయి. కొత్త సంవత్సరానికి, సంక్రాంతికి కొందరు నర్సరీ రైతులు వేల మొక్కల కుండీలను పేర్చి అక్షరాలుగా, బొమ్మలుగా తీర్చిదిద్దుతారు. పిల్లలకు మొక్కకు అంటు కట్టడం దగ్గరుండి చూపించే రైతులూ ఉన్నారు. పని ఒత్తిడి లేని వేళ మర్యాదగా అడగాలి, అంతే. కడియపులంక పూలమార్కెట్టు మాత్రం తెల్లవారకముందే హోరెత్తుతుంది, తెల్లారాక వెళితే మిగిలేది రేకులే.

కొనేవారికి ఒక సూచన. పూత మీద ఉన్న పెద్ద మొక్క కన్నా, గుబురుగా ఉన్న చిన్న మొక్కను ఎంచుకోండి. నర్సరీ నీడలో పెరిగిన మొక్కను తెచ్చిన రోజే మేడ మీద ఎండలో పెట్టకుండా వారం రోజులు వరండాలో ఉంచాలి.

లంకల దారి

ఆదివారం పూట దూరం వెళ్లాలనిపిస్తే నా మాట విని ధవళేశ్వరం ఆనకట్ట మీదుగా కోనసీమ వైపు వెళ్లండి. ముందు ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం చూడాలి. సర్ ఆర్థర్ కాటన్ 1847లో పని మొదలుపెట్టి 1852లో ముగించిన పాత ఆనకట్టకు సంబంధించిన నమూనాలు, పనిముట్లు, చిత్రపటాలు అక్కడ ఉన్నాయి. నేడు మనం దాటే బ్యారేజి ఆ తరువాత కట్టినది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా లంకల మధ్య సాగుతుంది. మే 15న కాటన్ జయంతికి డెల్టా రైతులు ఆయన విగ్రహానికి పూలమాలలు వేస్తారు. ఒక ఆంగ్లేయ ఇంజినీరును ఇంటి పెద్దలాగా తలుచుకునే ఆ సందడిని ఎండను ఓర్చుకొని అయినా ఒకసారి చూడాలి.

బొబ్బర్లంక దాటి కాలువ వెంట వెళితే లొల్ల లాకులు వస్తాయి. చెట్ల నీడ, కాలువ నీళ్లు, పాత లాకుల తలుపులు చూస్తూ కాసేపు ఆగవచ్చు. నీళ్లలోకి మాత్రం పిల్లలను దింపవద్దు, ప్రవాహం చూపులకు కనిపించేదాని కన్నా బలమైనది. అక్కడికి దగ్గరే ఆత్రేయపురం. అక్కడి పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పలచని బియ్యపు పిండిలో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్కసారి అలా పరిచి లాగితే క్షణంలో రేకు ఊడి వస్తుంది. మీ అమ్మాయి కళ్లు తిప్పుకోకుండా చూస్తుందని నేను హామీ ఇవ్వగలను. పంచదారవి, బెల్లంవి రెండూ దొరుకుతాయి. నెయ్యి వాసన చూసి కొనండి. ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి ఆలయం కూడా ఇదే దారికి దగ్గర. ముందు విష్ణువుగా, వెనుక మోహినిగా ఒకే శిలలో చెక్కిన ఆ విగ్రహాన్ని అర్చకులు దీపం పట్టి చూపిస్తారు. శనివారం మాత్రం అటు వెళ్లకండి, వాడపల్లి వేంకటేశ్వరస్వామి దర్శనానికి వచ్చేవారితో ఆ రోడ్లన్నీ నిండిపోతాయి.

సంక్రాంతికి ఊళ్లోనే ఉంటే కనుమ రోజున కోనసీమలోని జగ్గన్నతోట ప్రభల తీర్థం తప్పక చూడండి. చుట్టుపక్కల గ్రామాల నుంచి పదకొండు రుద్రుల ప్రభలను, అంటే వెదురుతో కట్టి అలంకరించిన ఎత్తైన చట్రాలను, భుజాల మీద మోసుకువస్తారు. కౌశిక కాలువలో నిండు నీళ్ల మధ్య, చేల మధ్య నుంచి ప్రభ ఒరగకుండా తీసుకువెళ్లే ఘట్టం కోసమే జనం గట్ల మీద గంటల తరబడి కాచుకుంటారు. 2023 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటంగా ఢిల్లీలో చూపించినది దీనినే.

పులస ప్రియుడు

ఇంతమంది ఇంత రాసి పులస ప్రస్తావన తేకపోవడం అన్యాయం. పుస్తెలమ్మినా పులస తినాలని పెద్దలు అననే అన్నారు. జూలై వచ్చింది, ఎర్రనీరు దిగింది. ఈ వారమే ఏదైనా మంచి హోటల్లో పులస పులుసు తినిపించి మీ ఇంటివారికి ఊరిని పరిచయం చేయండి.

అమ్మ చేతి వంట

ఈ సలహాను నేను ఒప్పుకోను. సముద్రంలో ఉన్నప్పుడు విలస లేదా ఇలస అనిపించుకునే చేప, వరద నీటికి ఎదురీది గోదావరి పాయలలోకి వచ్చి, ఉప్పు వాసన వదిలి కొవ్వు పట్టాకనే పులస అవుతుంది. అలా ఎదురీది వచ్చేది తక్కువ, అడిగేవారు ఎక్కువ, ఒక్కొక్క చేప వేలల్లో పలుకుతుంది. ఆ ధరకు కొని హోటలువారు మామూలు ధరకు పళ్లెంలో పెట్టలేరు కదా. అందుకే ఒడిశా నుంచి, బెంగాలు వైపు నుంచి మంచు పెట్టెలలో వచ్చే ఇలసను పులస పేరుతో కొత్తవారికి అంటగట్టే వ్యాపారం సీజనులో విరివిగా సాగుతుంది. అది కూడా మంచి చేపే, తినకూడదని అనను. ఇలస ధరకు తినండి.

నిజమైన పులస కావాలంటే ధవళేశ్వరం దిగువన వలలు వేసేవారితో పరిచయం ఉన్న స్థానికుల ద్వారా కొనండి. పులుసు మట్టికుండలో, చింతపండు, బెండకాయలు, పచ్చిమిరపకాయలు వేసి గరిటె పెట్టకుండా సన్నసెగ మీద ఉడకనివ్వాలి. కలపాలంటే కుండనే పట్టుకొని అటూ ఇటూ తిప్పాలి. దించిన పూటే తినకుండా మర్నాటి దాకా ఆగితే పులుపు ముక్కకు పడుతుంది. ముళ్లు సన్నవి, చాలా ఎక్కువ. పిల్లలకు, పెద్దలకు ముక్క విప్పి చూసి పెట్టండి.

పులస ప్రియుడు

హోటలు మాట వెనక్కి తీసుకుంటున్నాను, మర్నాడు తినాలన్న మాటకు మాత్రం చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

గేజి చూసేవాడు

వరద నెలల గురించి ఎవరూ చెప్పలేదు కనుక నేను చెబుతాను. జూలై నుంచి సెప్టెంబరు దాకా ఘాట్‌లకు వెళ్లేముందు ధవళేశ్వరం నీటిమట్టం తెలుసుకోవడం అవసరం. అక్కడ 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది ఇస్తారు. మొదటి హెచ్చరిక అంటే సుమారు 10 లక్షల క్యూసెక్కులు సముద్రంలోకి పోతున్నట్టు. మనకంటే ముందు భద్రాచలంలో నీరు పెరుగుతుంది, అక్కడి హెచ్చరికలు 43, 48, 53 అడుగులకు. భద్రాచలం 48 దాటిందని వార్తలలో వచ్చిందంటే మర్నాడో, ఆ తరువాతి రోజో ఇక్కడ ఘాట్‌ల కింది మెట్లు ఉండవని అనుకోవచ్చు. 1986 ఆగస్టు, 2022 జూలై వరదలు చూసినవారు ఈ అంకెలను ఇప్పటికీ నోటికి చెబుతారు.

వరద తీసిన తరువాత కూడా కొన్నాళ్లు జాగ్రత్త పడాలి. మెట్ల మీద ఒండ్రు పేరుకొని జారుతుంది. ఘాట్‌లో గొలుసులు, కంచె ఉన్నంతవరకే దిగాలి. పాపికొండల పడవలు కూడా ఈ నెలల్లో ఆపేస్తారు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదం తరువాత నియమాలు గట్టిపడ్డాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య గండిపోచమ్మ దగ్గర నుంచి బయలుదేరే పడవలలో వెళ్లండి, లైఫ్ జాకెట్ ఇచ్చి తొడుక్కోమని పట్టుబట్టే పడవే ఎక్కండి.

ఇన్నీసుపేట వాసి

గేజి చూసేవాడిగారి మాటలకు ఒకటి చేర్చాలి. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. 2015 పుష్కరాల తొలిరోజు ఉదయం ఇక్కడి ఘాట్‌లో జరిగిన తొక్కిసలాటను ఊరు మరిచిపోలేదు. పన్నెండు రోజులలో ఏ రోజు స్నానం చేసినా పుణ్యం ఒకటేనని, ఏ ఘాట్ అయినా గోదావరేనని పెద్దవాళ్లకు ఇప్పటినుంచే నచ్చజెప్పండి. ఆ ఏడాది బంధువులందరూ మీ ఇంటికే వస్తారన్నది వేరే సంగతి.

కొత్త కాపురం

అందరికీ కృతజ్ఞతలు. ఈ ఆదివారం ఉదయం ఇంటిల్లిపాదీ బయలుదేరాలనుకుంటున్నాము. భద్రాచలంలో నీరు పెరుగుతున్నదని ఇవాళ వార్తలలో విన్నాను. ఘాట్‌కు వెళ్లాలా, కొవ్వూరు రైలు పెట్టుకోవాలా, దామెర్లవారి చిత్రాలు చూడాలా?

గేజి చూసేవాడు

శనివారం రాత్రికి ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక వస్తే ఘాట్ మానుకొని రైలే ఎక్కండి. నిండుగా పారే గోదావరిని చూడడానికి వంతెన మీది కిటికీని మించిన చోటు లేదు, నాన్నగారు కూర్చున్నచోటు నుంచి కదలనవసరం లేకుండా చూస్తారు. తలుపు దగ్గర మాత్రం ఎవరూ నిలబడవద్దు.

మూడో వంతెన

ఫుట్‌బ్రిడ్జి ఎక్కి దిగే శ్రమ లేకుండా ఉండాలంటే రైలు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో ముందే స్టేషన్లో విచారించుకోండి, కొవ్వూరులో తిరుగు రైలు సమయం కూడా అప్పుడే రాసుకోండి. రెండు రైళ్ల మధ్య వ్యవధి ఎక్కువగా ఉంటే కొవ్వూరు నుంచి బస్సులో రోడ్డు వంతెన మీదుగా రావచ్చు. ఆ వంతెనను మరమ్మతులకు అప్పుడప్పుడు మూసివేస్తారు కాబట్టి అదీ అడిగి తెలుసుకోండి. ప్రదర్శనశాలను ఎండాకాలానికి దాచుకోకుండా, వాన పడే వచ్చే ఆదివారానికి పెట్టుకోండి.